అరవైల ధ్వనితో ఈనాటి పాప్ పాట: ఇంట్లో రికార్డు చేసుకునేవారికి సమగ్ర మార్గదర్శి

పాటంతా ఇప్పటి పద్ధతిలో ముప్పై నలభై ట్రాకుల్లో (విడివిడి శబ్దపు వరుసల్లో) రికార్డు చేసి, చివర్లో ‘వింటేజ్’ అని పేరున్న ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కు అతికే చిన్న ప్రోగ్రామ్) ఒకటి తగిలించి, కాస్త టేపు గరగర కలిపితే అరవైల పాట తయారైపోతుందని చాలామంది నమ్మకం. అవదు. దుమ్ము చల్లిన కొత్త పాట అవుతుంది, అంతే. ఆనాటి ఇంజనీర్లు ఆ గరగరను వదిలించుకోవడానికే నానా తంటాలు పడ్డారు. 1960ల రికార్డుల్లో మనల్ని పట్టి లాగే గుణం వేరే చోట ఉంది. ట్రాకులు చాలవు, అందరూ ఒకే గదిలో కలిసి వాయించాలి, ఏది ఎంత వినబడాలో వాయించే ముందే తేల్చుకోవాలి. ఈ మూడు ఇబ్బందుల నుంచే ఆ ధ్వని పుట్టింది. కాబట్టి ఈ మార్గదర్శిలో పరికరాల జాబితా కంటే మీకు మీరు పెట్టుకోవలసిన కట్టుబాట్లే ఎక్కువ.

2006లో వచ్చిన బ్రిటిష్ గాయని ఎమీ వైన్‌హౌస్ ఆల్బమ్ ‘బ్యాక్ టు బ్లాక్’ను ఉదాహరణగా తీసుకోండి. అందులో సుమారు సగం పాటలకు నిర్మాత మార్క్ రాన్సన్. పాత ధ్వని కావాలనుకున్నప్పుడు ఆయన కంప్యూటర్‌లో వెతకలేదు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో డాప్‌టోన్ అనే చిన్న సంస్థకు చెందిన డాప్ కింగ్స్ బృందం దగ్గరకు వెళ్లాడు. వాళ్లు అప్పటికే ఒక పాత ఇంట్లో స్టూడియో కట్టుకుని, 8 ట్రాకుల టేపు యంత్రం మీద, షారన్ జోన్స్ అనే గాయనికి సోల్ (అమెరికా నల్లజాతి గాయకుల శైలి) పాటలు వాయిస్తున్నారు. 2008 ఫిబ్రవరిలో ఎమీకి 5 గ్రామీ అవార్డులు వచ్చాయి. పాత పద్ధతిలో చేసిన పాట కొత్త శ్రోతల దగ్గర చెల్లుతుందా అన్న సందేహం అక్కడితో తీరిపోయింది.

మీకు కావలసినవి ఇవి: ఏదో ఒక రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్, రెండు మైకులు పెట్టుకోవడానికి వీలున్న ఆడియో ఇంటర్‌ఫేస్, రెండు మైకులు, బేస్ గిటార్, మామూలు గిటార్, టాంబురిన్, టైల్స్ వేసిన స్నానాలగది. వేదికల మీద ఎక్కడ చూసినా కనిపించే షూర్ ఎస్ఎం57 మైకు 1965 నాటిది, ఎస్ఎం58 మరుసటి ఏడాదిది. అంటే పాతకాలపు పరికరం ఒకటి ఇప్పటికే మీ దగ్గర ఉండి ఉండవచ్చు.

1. ముందు ఊరు, సంవత్సరం ఎంచుకోండి

‘అరవైల ధ్వని’ అని ఒకటి లేదు. ఒక్కో ఊరి గోడలకు ఒక్కో ధ్వని ఉండేది. ఇంట్లో చేసే ప్రయత్నాల్లో ఎక్కువ భాగం దెబ్బతినేది ఇక్కడే: డెట్రాయిట్ బేసూ చిరిగినట్టు మోగే లండన్ ఫజ్ గిటారూ కాలిఫోర్నియా కోరస్సూ ఒకే పాటలో కుక్కి, ఎందుకు అతకలేదా అని తల పట్టుకుంటారు.

డెట్రాయిట్ అంటే మోటౌన్. 1959లో బెర్రీ గోర్డీ మొదలుపెట్టిన ఈ సంస్థ వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లో ఒక మామూలు ఇంటిని స్టూడియోగా మార్చుకుంది. ఫంక్ బ్రదర్స్ అని పేరుపడ్డ వాద్యకారులు ఆ ఇరుకు గదిలో పొద్దుపోయేదాకా వాయించేవారు. పాడుతున్నట్టు నడిచే బేసు, ఆగని టాంబురిన్, ప్రతి బీటు మీదా పడే స్నేర్ (ఠక్కున మోగే చిన్న డ్రమ్) దాని గుర్తులు. లాస్ ఏంజెలెస్‌లో గోల్డ్ స్టార్ స్టూడియో ఉండేది. అక్కడ ఫిల్ స్పెక్టర్ ఒకే స్వరాలను ఇద్దరు ముగ్గురు పియానిస్టులతో, నలుగురైదుగురు గిటారిస్టులతో కలిపి వాయించి, ఆ మొత్తాన్ని సిమెంటు గోడల ప్రతిధ్వని గదిలోకి పంపేవాడు. ఏ వాద్యమూ విడిగా వినబడకుండా అంతా ఒకే గోడలా వినబడటమే ఆయనకు కావలసింది. మెంఫిస్‌లోని స్టాక్స్ సంస్థ ఒక పాత సినిమా హాలును స్టూడియోగా చేసుకుంది. వాలు నేలను అలాగే ఉంచేశారు. వాద్యాలు తక్కువ, మధ్యలో ఖాళీ ఎక్కువ, పాట కంటే ఒక అడుగు వెనక నడిచే బీటు. లండన్ అంటే గిటార్ బృందాలు, బీటిల్స్ పాటలు చేసిన ఈఎంఐ స్టూడియో, 1966 నుంచి టేపుతో చేసిన చిత్రవిచిత్రాలు.

ఇప్పటివాళ్లు కూడా ఇలా ఎంచుకున్నవారే. ‘బ్యాక్ టు బ్లాక్’లో డెట్రాయిట్ ఎక్కువ, పైన కొంచెం గోల్డ్ స్టార్. గాయకుడు లియాన్ బ్రిడ్జెస్ 2015లో టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో పాత పరికరాలతో చేసిన తొలి ఆల్బమ్ అరవైల మొదటి ఏళ్ల సోల్‌కు దగ్గర. ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు చెందిన కెవిన్ పార్కర్ టేమ్ ఇంపాలా పేరుతో దాదాపు అన్ని వాద్యాలూ తానే వాయిస్తూ చేసిన 2010 ఆల్బమ్‌కు 1966, 67 లండన్ పునాది. సిల్క్ సోనిక్ అనే అమెరికన్ జోడీని కూడా ఈ వరుసలో చేర్చేవారున్నారు గానీ, 2021లో వచ్చిన ఆ ఆల్బమ్‌ది పూర్తిగా డెబ్భైల పోకడ. దాన్ని చూసి అరవైల పాట కట్టబోతే మొదటి అడుగే పక్కకు పడుతుంది.

ఎంచుకున్నాక, అదే ఊరి నుంచి ఒకటి రెండేళ్ల తేడాలో వచ్చిన మూడు పాటలు తీసుకుని ఒకే స్పీకరులో వినండి. కాగితం మీద మూడు విషయాలు రాయండి: ఏ వాద్యం ఎప్పుడు వస్తోంది, ఏది అన్నిటికంటే ప్రముఖంగా వినబడుతోంది, ఏది అసలు లేదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. చాలా మోటౌన్ పాటల్లో గిటారిస్టు ఒక్కో బార్‌లో (నాలుగు బీట్ల ఆవృతంలో) రెండుసార్లు ‘చక్’మని కొట్టి ఊరుకుంటాడు. మిగతా సమయమంతా అతని చేతులు ఖాళీయే.

2. పాట రాసుకోవడం

నిడివి రెండుంబావు నిమిషాల నుంచి రెండున్నర నిమిషాలు. ఆ కాలపు పాట 45 వేగంతో తిరిగే 7 అంగుళాల రికార్డు మీద, రేడియో కోసం, జూక్‌బాక్స్ కోసం పుట్టింది. మొదటి అర నిమిషంలోనే పల్లవి చెవిన పడాలి.

కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుంపుల) విషయంలో పెద్ద సాహసాలు అక్కర్లేదు. సి, ఎ మైనర్, ఎఫ్, జి అనే వరుస దశకం మొదటి సగానికి ప్రాణం. కొంచెం లండన్ కావాలంటే డి, సి, జి వరుస పట్టుకోండి. డి శ్రుతిలో ఉన్న పాటలో సి మేజర్ రావడంలో ఒక నిర్లక్ష్యపు అందం ఉంది. మత్తుగా సాగే 1966 తరహా కావాలంటే ఒకే కార్డ్ మీద కూర్చుని తంబురా మీద పాడినట్టు పాడండి. బీటిల్స్ ఆ ఏడాది చేసిన ‘టుమారో నెవర్ నోస్’ దాదాపు మొత్తం సి మీదే నడుస్తుంది. రెండో పల్లవి తర్వాత ఎనిమిది బార్ల పాటు వేరే కార్డ్‌లకు వెళ్లి రావడం మరవకండి. చివరి పల్లవిని అర మెట్టు పైకి ఎత్తడం కూడా ఆనాటి అలవాటే. ఒక్కసారైతే బాగుంటుంది, రెండుసార్లు చేస్తే వెగటు.

సాహిత్యంలో మాత్రం పాతదనం వద్దు. ఎమీ పాటలు నిలబడటానికి సగం కారణం అదే. వాద్యాలు 1964లో ఉంటాయి, మాటలు ఆమె సొంత గొడవలతో, ఆమె వీధి భాషలో ఉంటాయి. మీ పాటలో ఉత్తరం, పోస్ట్‌మాన్, గులాబీ వస్తే అది వేషం. నీలం టిక్కులు పడ్డా బదులు రాని సందేశం వస్తే అది పాట.

తెలుగులో రాసేవారికి ఒక మాట. మన పదాలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి సాగదీయడానికి బాగా లొంగుతాయి. కానీ ఈ శైలికి రెండో బీటు మీద, నాలుగో బీటు మీద ఠక్కున తగిలే మాట కావాలి. ఒత్తు అక్షరాలున్న పదాలు ఆ పని చేస్తాయి. ‘వద్దు’, ‘చెప్పు’, ‘ఒక్క’, ‘నిన్నటి’ లాంటి మాటల్లో ఒత్తు పడే చోటును స్నేర్ కింద కూర్చోబెట్టండి. పాట దానంతట అదే ఊగుతుంది.

3. నాలుగే ట్రాకులు

1963 ఫిబ్రవరి 11న బీటిల్స్ తమ తొలి ఆల్బమ్ కోసం ఒకే రోజులో 10 పాటలు రికార్డు చేశారు, అదీ రెండు ట్రాకుల యంత్రం మీద. 1967లో ‘సార్జెంట్ పెప్పర్స్’ కూడా నాలుగు ట్రాకుల యంత్రాలతోనే తయారైంది. నాలుగూ నిండితే వాటిని కలిపి మరో యంత్రంలో ఒక ట్రాకులోకి దించి, ఖాళీ అయిన చోట కొత్తవి ఎక్కించేవారు. ఒకసారి దించాక డ్రమ్స్ తగ్గించాలన్నా బేసు పెంచాలన్నా కుదరదు.

మన సినిమా పాటకూ ఇది కొత్త కాదు. ఘంటసాల, సుశీల పాడిన ఆ కాలపు పాటల రికార్డింగుల్లో గాయకులూ వాద్యబృందమూ కలిసే పాడి వాయించేవారు. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటికి రావలసిందే. ఆ పాటల్లో కనిపించే ఏకాగ్రతలో ఆ భయం వాటా కూడా ఉంది.

మీ సాఫ్ట్‌వేర్‌లో నాలుగు ట్రాకులు తెరవండి. ఐదోది తెరవనని ఒట్టు పెట్టుకోండి. పంపకం ఇలా ఉండవచ్చు:

మొదటి ట్రాకు: డ్రమ్స్, బేసు, రిథమ్ గిటార్ కలిపి.
రెండో ట్రాకు: పియానో లేదా ఆర్గాన్, దానితోపాటు టాంబురిన్.
మూడో ట్రాకు: ప్రధాన గాత్రం.
నాలుగో ట్రాకు: కోరస్. కోరస్ లేని చోట సోలో, సోలో లేని చోట చప్పట్లు.

ముగ్గురు స్నేహితులుంటే మొదటి ట్రాకును కలిసి ఒకేసారి వాయించడం మేలు. ఒక్కరే అయితే డ్రమ్స్, బేసు, గిటార్ విడివిడిగా రికార్డు చేసుకుని, వాటి పాళ్లు తేల్చుకుని, ఒకే మోనో (రెండు వైపులా ఒకేలా వినబడే) ఫైలుగా మార్చండి. తర్వాత అసలు ఫైళ్లను వేరే ఫోల్డర్లో పడేసి మరిచిపోండి. ఈ క్షణం కష్టంగా ఉంటుంది. కానీ గిటార్ మరీ ఎక్కువైందేమో అన్న అనుమానం ఇక్కడే తీర్చుకోక తప్పదు, మీ చెవి పదునెక్కేది కూడా ఇక్కడే. నాలుగో ట్రాకులో సోలో ఎక్కడ పట్టాలో వెతుక్కుంటుంటే పాట నిర్మాణం దానంతట అదే శుభ్రపడుతుంది. చోటు దొరకలేదంటే సోలో అవసరం లేదన్నమాట.

4. డ్రమ్స్: సగం పాట ఇక్కడే

నిజమైన డ్రమ్స్ దొరికితే వదలకండి. ఊళ్లో బ్యాండు ప్రాక్టీసు గది గంటల లెక్కన అద్దెకు తీసుకున్నా సరే.

స్నేర్ మీద, టామ్‌ల (చుట్టూ ఉండే లోతైన డ్రమ్‌ల) మీద పలుచని నూలు తువాలు పరవండి. స్నేర్‌ను మూడింట రెండు వంతులు కప్పితే చాలు. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ దశకం చివర్లో టీ తువాళ్లతో ఇదే చేశాడు. తువాలు వేయగానే ‘టాంగ్’ అని మోగేది ‘థప్’ అని తెగుతుంది. కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) విషయంలో 1966కు ముందు ఒక లోకం, తర్వాత ఒక లోకం. ఆ ఏడాది ఈఎంఐ ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్ కిక్‌లో ఉన్ని స్వెటర్ కూరి, మైకును సంస్థ నియమాలు ఒప్పుకోనంత దగ్గరకు జరిపాడు. కాబట్టి మీరు 1963 ఎంచుకుంటే కిక్ ఖాళీగా, మైకు దూరంగా ఉండాలి. 1967 అయితే లోపల దుప్పటి, మైకు దగ్గర.

మైకులు రెండు చాలు. లండన్ ఇంజనీర్ గ్లిన్ జాన్స్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిని రెండింటికి కుదించుకోండి. ఒకటి స్నేర్‌కు నేరుగా పైన, సుమారు ఒక మీటరు ఎత్తులో. రెండోది ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబడే పెద్ద టామ్) పక్కన, దాని అంచుకు కొంచెం పైన, స్నేర్ వైపు చూస్తూ. ఇప్పుడు ఒక దారం తీసుకోండి. ఒక కొసను స్నేర్ నడిమధ్య వేలితో అదిమిపట్టి, పై మైకు దాకా లాగి అక్కడ ముడి వేయండి. అదే దారాన్ని పక్క మైకు వైపు తిప్పండి. ముడి సరిగ్గా మైకు దగ్గరకు వచ్చేదాకా స్టాండు జరపండి. రెండు దూరాలూ సమానం కాకపోతే స్నేర్ దెబ్బ రెండు మైకులకూ వేర్వేరు సమయాల్లో చేరుతుంది. రెండింటినీ మోనోలో కలిపినప్పుడు దానిలోని గట్టిదనం కరిగిపోతుంది.

ఇక బీటు. 1963లో డ్రమ్మర్ హాల్ బ్లెయిన్ గోల్డ్ స్టార్‌లో ‘బి మై బేబీ’ పాట మొదట్లో వాయించినది పాప్ సంగీతంలో అందరూ ఎక్కువగా అప్పు తెచ్చుకున్న బీట్లలో ఒకటి. ఒకటి మీద కిక్, రెండుకూ మూడుకూ నడుమ కిక్, మూడు మీద కిక్, నాలుగు మీద మాత్రమే స్నేర్. నోటితో చెప్పుకుంటే: ధుం, ధు ధుం, ఠా. రెండో బీటు మీద స్నేర్ పడకపోవడమే అందులోని కిటుకు. శ్రోత ఎదురుచూస్తాడు, నాలుగు మీద పడేసరికి తృప్తి రెట్టింపు. మోటౌన్ దీనికి పూర్తిగా ఎదురు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, అన్నిటి మీదా స్నేర్. స్టాక్స్‌లో డ్రమ్మర్ అల్ జాక్సన్, గిటారిస్టు స్టీవ్ క్రాపర్ 1965 నుంచి రెండు, నాలుగు బీట్లను వెంట్రుకవాసి ఆలస్యంగా వేయడం మొదలుపెట్టారు. కంప్యూటర్‌లో ఆ రెండు దెబ్బలను 10 నుంచి 20 మిల్లీసెకన్లు వెనక్కి లాగితే ఆ బద్ధకపు ఊపు కొంత వస్తుంది.

డ్రమ్స్ అసలు దొరకకపోతే ప్యాడ్ మీద వేళ్లతో పాట మొత్తం ఒక్క గుక్కలో వాయించండి. నాలుగు బార్లు చేసి అతికించవద్దు. బీట్లను గీతల మీదకు సర్దే మీట ముట్టుకోవద్దు. ఆ కాలంలో క్లిక్ ట్రాకు (వేగం చెప్పే టిక్ టిక్ శబ్దం) పెట్టుకుని వాయించడం అరుదు. పల్లవికి వచ్చేసరికి వేగం కొంచెం పెరగడం చాలా రికార్డుల్లో వినవచ్చు, అది వాయించేవాళ్ల ఉత్సాహం.

టాంబురిన్ మాత్రం తప్పకుండా మనిషే వాయించాలి. మోటౌన్‌లో జాక్ యాష్‌ఫోర్డ్ టాంబురిన్ వింటే అది పక్కవాద్యం కాదని అర్థమవుతుంది. మైకుకు కనీసం ఒకటిన్నర మీటరు దూరంలో నిలబడండి. దగ్గరైతే గజ్జెల గోల పాటను మింగేస్తుంది. రెండు నిమిషాలయ్యేసరికి చెయ్యి లాగుతుంది. ఆ లాగుడు కూడా వినబడనివ్వండి.

5. బేసు

మోటౌన్ ధ్వనిలో పెద్ద వాటా బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్‌సన్‌ది. ఆయన కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కు నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసుకుని, తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జి (తీగల కింది కొస ఆనే దిమ్మ) మూత కింద స్పాంజి ఉండేది. బేస్ శబ్దం నేరుగా కన్సోల్‌లోకి (స్టూడియో మిక్సింగ్ బల్లలోకి) వెళ్లేది. అంటే మీరు ఇంటర్‌ఫేస్‌లో కేబుల్ గుచ్చి వాయించడం అచ్చంగా ఆనాటి పద్ధతే. యాంప్లిఫయర్ లేదని చింత వద్దు.

కొత్త తీగల మెరుపు ఈ పాటలకు పనికిరాదు. ఫ్లాట్‌వౌండ్ తీగలు కొనడం భారమనుకుంటే గిన్నెలు తోమే స్పాంజిని వేలెడు వెడల్పున కోసి, బ్రిడ్జి దగ్గర తీగల కింద దూర్చండి. స్వరం మొదలవగానే తెగిపోవాలి, అలాగని బొంగురుపోకూడదు. స్పాంజిని బ్రిడ్జికి దగ్గరగా జరిపితే కొంచెం సాగుతుంది, దూరంగా జరిపితే త్వరగా తెగుతుంది. లాస్ ఏంజెలెస్ తరహా కావాలంటే ఇదే స్పాంజితో, వేలికి బదులు పిక్‌తో మీటండి. అక్కడి బేస్ వాద్యకారిణి కెరోల్ కే పద్ధతి అది.

ఏం వాయించాలి? కార్డ్ మారే ముందు బేసు అక్కడికి నడిచి వెళ్లాలి. సి నుంచి ఎ మైనర్‌కు వెళ్లే బార్‌లో సి, సి, బి, బి ఫ్లాట్ అని దిగి, తర్వాతి బార్ మొదటి బీటు మీద ఎ అందుకోండి. ఎఫ్ నుంచి జికి వెళ్లేటప్పుడు చివరి బీటు మీద ఎఫ్ షార్ప్ ఒక్కటి చాలు. గాయకుడు ఊపిరి తీసుకునే చోట బేసు మాట్లాడాలి. అతను పాడుతున్నప్పుడు అది పెద్దమనిషిలా కుదురుగా ఉండాలి. పల్లవి మూడోసారి వచ్చేటప్పటికి బేసు మొదటిసారి వాయించినది మళ్లీ వాయించకుండా చూసుకోండి. ఒక బార్ కత్తిరించి పాటంతా అతికించేవారి చేతిలో ఈ సంగీతం చచ్చిపోయేది ఇక్కడే.

6. గిటార్, కీబోర్డు, ఇతర అలంకారాలు

వీటి మీద ఎక్కువ సమయం పెట్టకండి. 1965లో బర్డ్స్ బృందం రోజర్ మెక్‌గిన్ మోగించిన 12 తీగల రికెన్‌బాకర్ గిటార్‌కు ఆ మెరుపు గట్టి కంప్రెషన్ (పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించడం) వల్ల వచ్చింది. మామూలు గిటార్‌తో ఒకసారి, ఒక ఆక్టేవ్ (స్థాయి) పైన మరోసారి వాయించి కలిపి కంప్రెస్ చేస్తే దాని ఛాయ వస్తుంది. ఫజ్ శబ్దాన్ని ఇచ్చే మాస్ట్రో ఫజ్-టోన్ పెట్టె 1962లోనే దుకాణాలకు వచ్చినా, 1965లో రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’ తర్వాతే జనం దాని వెంట పడ్డారు. ఆర్గాన్ అయితే ఒక చెయ్యి, మూడు స్వరాలు, అంతకు మించి వద్దు. ట్రంపెట్, శాక్సోఫోన్ వాయించే మనుషులు దొరికితే ఇద్దరినీ ఒకే మైకు చుట్టూ నిలబెట్టండి. పెళ్లిళ్ల బ్యాండ్లలో అద్భుతంగా వాయించేవారున్నారు.

సితార్ సంగతి. 1965 చివర్లో బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ దాన్ని ఒక పాటలో మీటగానే అది మొత్తం దశకానికి గుర్తుగా మారిపోయింది. మనవాళ్లు అరవైల పాట చేస్తూ సితార్ ప్లగిన్ తగిలించడం చూస్తే నవ్వొస్తుంది: మన వాద్యాన్ని వాళ్లు విన్నట్టుగా మనం మళ్లీ వింటున్నాం. నిజంగా వాయించగలవారు ఉంటే పిలవండి, లేకపోతే గిటార్‌తోనే పని కానివ్వండి.

7. గాత్రం

పాట మొదటినుంచి చివరిదాకా ఒకే టేకులో (ఆపకుండా ఒక్క రికార్డింగులో) పాడండి. మూడో నాలుగో టేకులు తీసుకుని వాటిలో ఒకటి మొత్తంగా ఎంచుకోండి. ఒక్కో లైను ఒక్కో టేకు నుంచి ఏరవద్దు. శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్ అసలే వద్దు. స్వరం కింది నుంచి జారుకుంటూ చేరే చోటే భావం ఉంటుంది, యంత్రం దాన్నే తప్పుగా లెక్కగట్టి చదును చేస్తుంది. మైకుకు జానెడు దూరంలో నిలబడి, గొంతెత్తే చోట అర అడుగు వెనక్కి వేయండి. గోల్డ్ స్టార్ తరహా అయితే ఇంకా దూరం.

గొంతు బొద్దుగా వినబడాలంటే అదే పాటను మళ్లీ పాడి కలపడం పాత దారి. అలా రెండుసార్లు పాడటం బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌కు విసుగు. అందుకని 1966లో ఈఎంఐ ఇంజనీర్ కెన్ టౌన్‌సెండ్ ఒకే గొంతును రెండో టేపు యంత్రం మీదుగా తిప్పి కొద్దిగా ఆలస్యంగా కలిపే ఉపాయం కనిపెట్టాడు. మీరు గాత్రానికి నకలు తీసి, 30 నుంచి 40 మిల్లీసెకన్లు వెనక్కి జరిపి, దాని శ్రుతిని అతి స్వల్పంగా, నెమ్మదిగా అటూ ఇటూ ఊగనివ్వండి. పాట పొడవునా వద్దు, పల్లవిలో మాత్రం.

కోరస్‌కు ముగ్గురు కావాలి, మైకు ఒకటే. పెద్ద గొంతున్న వారు ఒక అడుగు వెనక్కి నిలబడతారు, మిక్సింగ్ అక్కడే అయిపోతుంది. కోరస్ పని అచ్చంగా గాయకుడి వెంట పాడటం కాదు, బదులివ్వడం. గాయని ‘రానని చెప్పావు’ అంటే వెనక నుంచి ‘చెప్పావుగా’ అనాలి. మిగతా చోట్ల ‘ఊ’ అని నిలబెట్టి ఊరుకోవాలి.

1966 తరహా వారికి ఒక ప్రత్యేక ప్రయోగం. బీటిల్స్ ‘రెయిన్’ పాటకు వాద్యాలను వేగంగా వాయించి, తర్వాత టేపును నెమ్మదిగా తిప్పారు. డ్రమ్స్, గిటార్లు బరువెక్కి, నిద్రమత్తులో ఉన్నట్టయ్యాయి. మీ మొదటి ట్రాకును కావలసిన దానికంటే ఆరేడు శాతం వేగంగా, సుమారు ఒక అర మెట్టు పైశ్రుతిలో వాయించండి. తర్వాత వేగమూ శ్రుతీ రెండూ కలిసి దిగేలా నెమ్మదించండి. శ్రుతిని అలాగే ఉంచి వేగం మాత్రమే తగ్గించే సౌకర్యం వాడితే ఆ బరువు రాదు.

8. ప్రతిధ్వని కోసం స్నానాలగది

మోటౌన్‌కు అటకమీద, గోల్డ్ స్టార్‌కు సిమెంటు పూత గదుల్లో ప్రతిధ్వని దొరికింది. మన అపార్ట్‌మెంట్లలో నేల నుంచి కప్పు దాకా టైల్స్ వేసిన స్నానాలగది, కాంక్రీటు మెట్లదారి రెండూ ఉన్నాయి. వేల రూపాయల ప్లగిన్లు వీటినే అనుకరిస్తున్నాయి.

గదిలో తువాళ్లు, బకెట్లలోని బట్టలు తీసేయండి. ఒక స్పీకరును గోడ మూలకు తిప్పి పెట్టండి. మైకును ఎదురు మూలలో, స్పీకరు వైపు వీపు పెట్టి నిలబెట్టండి. మైకుకు నేరు శబ్దం కాకుండా గోడల నుంచి తిరిగొచ్చే శబ్దమే కావాలి. గాత్రాన్ని అలాగే పంపవద్దు. 600 హెర్ట్జ్ కింద ఉన్నదీ, 10 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదీ కోసేసి పంపండి. ఈఎంఐ స్టూడియో నుంచి వచ్చిన అలవాటు ఇది. కింది శబ్దాలు ప్రతిధ్వనిలోకి వెళితే పాట బురదవుతుంది. తలుపు మూసి, గాత్రాన్ని ఆ స్పీకరులో వినిపిస్తూ మైకు నుంచి వచ్చేది రికార్డు చేయండి. అసలు గాత్రంతో కలిపేటప్పుడు 80 నుంచి 120 మిల్లీసెకన్లు వెనక్కి జరిపితే గొంతు ముందే ఉంటుంది, గది దాని వెనక తెరుచుకుంటుంది. దీన్ని మూడో ట్రాకులోనే కలిపి ముద్ర వేసేయండి. అర్ధరాత్రి మెట్లదారిలో ఈ ప్రయోగం వద్దు, పొరుగువారి సహనానికి కూడా హద్దుంటుంది.

9. మిక్సింగ్: మోనోలో మొదలుపెట్టండి

అరవైల్లో చాలాకాలం అసలు మిక్స్ అంటే మోనోదే. స్టీరియో తర్వాత తీరిగ్గా చేసేవారు. గాయకుడు ఒక చెవిలో, డ్రమ్స్ ఇంకో చెవిలో వచ్చే ఆ విచిత్రపు స్టీరియో రికార్డులు నాలుగు ట్రాకులను రెండు వైపులకు పంచడం వల్ల పుట్టినవే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే ఈనాటి శ్రోతకు అది చిరాకు. దాన్ని అనుకరించనక్కర్లేదు. బీచ్ బాయ్స్ బృందం ‘పెట్ సౌండ్స్’ లాంటి మహా ఆల్బమ్ 1966లో మోనోలోనే వచ్చింది. దాన్ని చేసిన బ్రయాన్ విల్సన్‌కు కుడి చెవి దాదాపు వినబడేది కాదు.

నాలుగు ట్రాకులే కాబట్టి పని తక్కువ. గాత్రం, స్నేర్ రెండూ ముందుండాలి. గాత్రానికి మృదువైన కంప్రెసర్ పెట్టి గట్టి చోట్ల 5, 6 డెసిబెల్స్ తగ్గనివ్వండి. మొదటి ట్రాకుకు ఇంకాస్త గట్టిగా నొక్కవచ్చు. డ్రమ్స్, బేసు, గిటార్ ఒకే కంప్రెసర్‌లో ఇరుక్కున్నప్పుడు కిక్ పడ్డ ప్రతిసారీ మిగతావి కొంచెం లోపలికి పీల్చుకున్నట్టు అవుతుంది. పాట ఊపిరి తీస్తున్నట్టుండే ఆ గుణం విడివిడి ట్రాకులతో రాదు.

ఇక్కడ ఈ కాలాన్ని లోపలికి రానివ్వండి. సూది గెంతుతుందన్న భయంతో ఆనాటి రికార్డుల్లో లోతైన బేసును బాగా తగ్గించేవారు. మనకు ఆ భయం లేదు. న్యూయార్క్ క్లబ్బుల్లో డీజేగా ఎదిగిన రాన్సన్ డాప్ కింగ్స్ డ్రమ్స్‌ను హిప్‌హాప్ బరువుతో వినిపించాడు. ఎమీ పాట 1964 నాటి నకలులా కాకుండా 2006 పాటలా వినబడటానికి అదొక కారణం. మీరూ కిక్ కోసం మొదటి ట్రాకుకు 60 హెర్ట్జ్ ప్రాంతంలో కొంచెం బలం ఇవ్వండి, మిగతా వాద్యాలన్నిటినీ 12 కిలోహెర్ట్జ్ పైన మెల్లగా దించండి. పాతదనం పైన ఉంటుంది, కొత్తదనం కింద.

మోటౌన్‌లో కారు రేడియోల్లో ఉండేలాంటి చిన్న స్పీకరులో పాట విని మరీ తీర్పు చెప్పేవారు. మీరు ఫోను స్పీకరులో వినండి. అందులో బేసు నడక వినబడకపోతే మొదటి ట్రాకులో 700 హెర్ట్జ్ దగ్గర కొంచెం పెంచండి, కింద పెంచితే ఫోనుకు తెలియదు. చివరి శబ్దస్థాయిని ఆకాశానికి ఎత్తవద్దు. స్పాటిఫై వంటి సేవలు గట్టి పాటలను ఎలాగూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తెలిసే శబ్దస్థాయి కొలత) దగ్గరకు దించేస్తాయి.

10. అప్పు ఎక్కడ ఆగాలి

బీటు, వాద్యాల కూర్పు, గది ప్రతిధ్వని, కార్డ్‌ల సాధారణ వరుస వంటి వాటిని అందరూ వాడుకుంటున్నారు. రాగం, సాహిత్యం, అసలు రికార్డింగులోని ముక్క అలా కాదు. ఎమీ పాట ‘టియర్స్ డ్రై ఆన్ దెయిర్ ఓన్’ 1967 నాటి ఒక మోటౌన్ పాట కార్డ్‌ల నడకను వాడుకుంది. ఆ పాట రాసిన యాష్‌ఫోర్డ్, సింప్సన్ దంపతుల పేర్లు రచయితల్లో చేర్చారు. శుభ్రమైన దారి అది. జార్జ్ హారిసన్‌కు అలా జరగలేదు. ఆయన 1970 పాట ‘మై స్వీట్ లార్డ్’ రాగం 1963 నాటి ‘హీ ఈజ్ సో ఫైన్’తో కలుస్తోందని, కావాలని చేయకపోయినా అది కాపీయేనని 1976లో అమెరికా కోర్టు తేల్చింది. 1997లో వెర్వ్ బృందం రోలింగ్ స్టోన్స్ పాటకు 1965లో వచ్చిన ఒక ఆర్కెస్ట్రా రూపం నుంచి ముక్క తీసుకుంది. గొడవ ముదిరి, పాట రాబడీ రచయిత పేరూ చేజారాయి. మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ వాటిని 2019లో తిరిగి ఇచ్చేశారు. అన్నేళ్లు ఎదురుచూసే ఓపిక మనకు ఉండదు.

మన దేశ చట్టం ప్రకారం సంగీత రచన మీద హక్కు స్వరకర్త మరణించాక 60 ఏళ్లు, రికార్డింగ్ మీద హక్కు అది విడుదలయ్యాక 60 ఏళ్లు ఉంటుంది. దీన్ని చూసి 1964 రికార్డింగ్ ఇక్కడ గడువు దాటిపోయిందని సంబరపడి ముక్క కత్తిరించవద్దు. రచన హక్కు ఇంకా మిగిలే ఉండవచ్చు. అమెరికాలోనైతే 1957 నుంచి 1972 ఫిబ్రవరి 14 దాకా విడుదలైన రికార్డింగులకు 2067 ఫిబ్రవరి 15 వరకు రక్షణ ఉంది. మీ పాట ఇంటర్నెట్‌లో పెడితే అక్కడ కూడా వినబడుతుంది కదా. పాత రికార్డింగు ముక్క వాడాలని నిజంగా ఉంటే రికార్డింగ్ హక్కుదారుకూ, సంగీత రచన హక్కుదారుకూ విడివిడిగా రాసి, రెండు అనుమతులూ కాగితం మీద చేతికి వచ్చాకే మొదటి ట్రాకు మొదలుపెట్టండి.